గోడకి తగిలించిన పంచాంగం

"ఇంతేనా?" అన్నాడు మా ఒంగోలు వాడు, ఎత్తి పట్టుకున్న ఫోన్ దించుతూ.

చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరం, ఓల్డ్ టౌన్ స్క్వేర్. 2025 అక్టోబర్ 4, శనివారం, సాయంత్రం నాలుగు దాటి ఒక నిమిషం. పాత టౌన్‌హాల్ గోడ మీదున్న ఆ పేరుమోసిన ఖగోళ గడియారం అప్పుడే గంట కొట్టింది. పక్కనున్న అస్థిపంజరం బొమ్మ తాడు లాగింది. పైన రెండు కిటికీలు తెరుచుకున్నాయి. పన్నెండుమంది అపొస్తలులు ఒకరి తర్వాత ఒకరు తొంగిచూసి వెళ్ళిపోయారు. బంగారు కోడి ఒకటి బొంగురు గొంతుతో కూసింది, గంటలు మోగాయి, అయిపోయింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. దానికోసం మేం ఇరవై నిమిషాలు ముందే వచ్చి, జేబులు పట్టుకుని, జనంలో ఇరుక్కుని నిలబడ్డాం.

"మా ఊరి జాతరల బొమ్మలు ఇంతకన్నా మంచిగ ఆడ్తయ్ రా," అన్నాడు సిద్దిపేట వాడు. నాలుగోవాడు ఏమీ అనలేదు. ట్రిప్పు మొత్తం ఎక్సెల్ షీట్‌లో వేసింది వాడే. గడియారం పక్కన టిక్కు పెట్టుకుని, "నెక్స్ట్ బ్రిడ్జి, నాలుగున్నరకి," అన్నాడు.

వీళ్ళొక్కరే కాదు. యూరప్‌లో ఆశపెట్టి ఉసూరుమనిపించే చోట్ల గురించి ఎవరు మాట్లాడినా ఈ గడియారం పేరు తప్పకుండా వస్తుంది. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. ఆ రోజు అక్కడ నిలబడి వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోయాను, అందరం అలసిపోయి ఉన్నాం. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మేం వెళ్ళిన సందర్భం మామూలుదే. అక్టోబర్ 3న జర్మనీ మొత్తానికి సెలవు, 1990లో రెండు జర్మనీలు ఒకటైన రోజు. అది ఈసారి శుక్రవారం పడింది, దానికి ముందురోజే దసరా. ఇంజనీరింగ్‌లో ఒకే హాస్టల్లో ఉన్న నలుగురం ఇప్పుడు జర్మనీలో తలో ఊళ్ళో ఉంటున్నాం. డ్రెస్డెన్‌లో కలుసుకుని ట్రైన్ ఎక్కితే రెండున్నర గంటల్లో ప్రాగ్. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. ఎక్సెల్ షీట్‌లో 19 వరసలు ఉన్నాయి.

శనివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా రాహుకాలం, అది దాటాక బయల్దేరండి," అంది. నలుగురిలో ముగ్గురికి నమ్మకం లేదు, కానీ అమ్మ మాట తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పదిన్నర దాటాకే బయటికి వచ్చాం. పావుగంట తిరక్కుండానే సిద్దిపేట వాడు, కమిషన్ సున్నా అని బోర్డు పెట్టిన ఒక కొట్లో 100 యూరోలు ఇచ్చి కొరునాలు, అంటే చెక్ డబ్బు, తీసుకున్నాడు. 2,400 దాకా రావాల్సింది, 1,700 వచ్చాయి. కమిషన్ సున్నానే, రేటు మాత్రం వాళ్ళిష్టం. అదృష్టం ఏంటంటే, మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదు పట్టుకుని వెనక్కి వెళ్తే డబ్బు తిరిగి ఇవ్వాలని 2019 నుంచి అక్కడ చట్టం ఉంది. 1,000 యూరోల లోపు మొత్తానికి అది వర్తిస్తుంది. ఎక్సెల్ వాడికి ఆ సంగతి తెలుసు. వెళ్ళి నిలబడితే కొట్టువాడు మొహం మాడ్చుకుని ఇచ్చేశాడు.

ఈ రాహుకాలం గొడవ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

సరే, గడియారం దగ్గరికి వద్దాం. నాలుగింటి తర్వాత ముగ్గురూ చార్లెస్ బ్రిడ్జికి వెళ్ళారు. నేను తర్వాత వస్తానన్నాను. అయిదు నిమిషాల్లో చౌకు సగం ఖాళీ అయిపోయింది. అందరికీ కావాల్సింది ఆ నిమిషమే కాబట్టి, మిగతా 59 నిమిషాలూ గడియారం ముందు చోటే చోటు. నేను వెళ్ళి సరిగ్గా కిందే నిలబడ్డాను.

మొదట ఒక్క మాట. జనం చూడ్డానికి వచ్చే బొమ్మలు ఆ గడియారంలో పాత భాగం కానే కాదు. 1410లో కదాన్ ఊరి మికులాష్ అనే పనివాడు చేసింది యంత్రం, దాని ముందున్న పెద్ద డయల్. కింద కనిపించే రెండో చక్రం, అంటే తేదీల చక్రం, దాదాపు 1490లో వచ్చింది. ఇక అపొస్తలులైతే, ఇప్పుడు మనం చూసే బొమ్మలు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చెక్కినవి. 1945 మేలో, యుద్ధం సరిగ్గా ముగిసే రోజుల్లో, జర్మన్ సైన్యం టౌన్‌హాల్ మీద కాల్పులు జరిపింది. మంటల్లో కొయ్యబొమ్మలు కాలిపోయాయి. టౌన్‌హాల్‌కి ఒక పక్క భాగం మొత్తం కూలిపోయింది. ఇవాళ్టికీ అక్కడ కట్టడం లేదు, గడ్డి ఉంది. దాని మీద కూర్చుని ట్రడెల్నిక్ తింటూ ఉంటారు.

ట్రడెల్నిక్ అంటే పిండిని కర్రకి చుట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, చక్కెరలో దొర్లించి ఇచ్చేది. 'పాతకాలపు బొహీమియన్ మిఠాయి' అని, అంటే ఈ చెక్ ప్రాంతపుదేనని, ప్రతి బండి మీదా రాసి ఉంటుంది. నిజానికి అది హంగరీ, స్లొవాకియా వైపుది. ప్రాగ్ వీధుల్లోకి వచ్చి కొన్ని దశాబ్దాలే అయింది. మా ఒంగోలు వాడు గడియారం మోసం అన్నప్పుడు వాడి చేతిలో ఐస్‌క్రీమ్ కూరిన ట్రడెల్నిక్ ఉంది. ఆరొందల ఏళ్ళుగా ఉన్నది మోసం అయిపోయింది, నిన్నగాక మొన్న వచ్చింది సంప్రదాయం అయిపోయింది.

గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు ఒకాయన నా పక్కనే ఇంకో కథ చెబుతున్నాడు. ఈ గడియారం హనుష్ అనే పండితుడు చేశాడట. ఇలాంటిది ఇంకో ఊరికి చేసిపెట్టకుండా నగర పెద్దలు ఆయన కళ్ళు పొడిపించారట. వింటున్నవాళ్ళు అయ్యో అన్నారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ళ చేతులు నరికించారన్న కథ విని పెరిగినవాళ్ళం, మనకి ఇది కొత్తేం కాదు. గొప్ప పని కనబడితే చాలు, దాని పక్కన ఒక కిరాతకం నిలబెట్టాలని జనానికి ఎందుకో అంత సరదా. చేసినవాడు మికులాష్ అని 1410 అక్టోబర్ నాటి పత్రం ఒకటి ఉంది. ఆయన కళ్ళు ఎవరూ పొడవలేదు.

ఇప్పుడు డయల్. మధ్యలో నీలం గుండ్రం, అది భూమి. పైభాగం లేత నీలం, అది పగటి ఆకాశం. కింద నల్లగా ఉన్నది రాత్రి. రెండింటికీ మధ్య ఎర్రటి పట్టీలు, అవి సంధ్యవేళలు. ఎడమవైపు లాటిన్‌లో 'ఉషస్సు', 'ఉదయం' అని, కుడివైపు 'అస్తమయం', 'మునిమాపు' అని రాసి ఉన్నాయి. వీటి మీద పక్కకి జరిగిన రాశిచక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని మీద బంగారు సూర్యుడు, చిన్న బంతిలాంటి చంద్రుడు. చంద్రుడిలో సగం వెండి, సగం నలుపు. ఆ బంతి తనలో తాను తిరుగుతూ ఎన్నో కళ నడుస్తోందో చూపిస్తుంది. ఆ సాయంత్రం దాదాపు అంతా వెండే, ఒక అంచున సన్నటి నల్ల తునక. పైన అసలు ఆకాశం మబ్బు పట్టి ఉంది, చంద్రుడు వచ్చినా కనబడేలా లేదు. గోడ మీద మాత్రం పున్నమికి ఇంకా రెండు మూడు రోజులుందని స్పష్టంగా కనబడుతోంది.

రాశి, తిథి, సూర్యోదయం, అస్తమయం. ఇది గడియారం ఏంటి, మా నాన్న ప్రతి ఉగాదికీ కొనే పంచాంగం కదా అనిపించింది. కాకపోతే పుస్తకంగా కుట్టకుండా గోడకి తగిలించారు.

అన్నిటికంటే నన్ను పట్టేసింది బయటి వలయం. నల్లటి వలయం మీద బంగారు రంగులో పాతకాలపు వంకర అంకెలు, 1 నుంచి 24 దాకా. ఇది పాత చెక్ కాలమానం. రోజు అర్ధరాత్రి మొదలవ్వదు, సూర్యుడు అస్తమించగానే మొదలవుతుంది. అస్తమయానికి 24 పూర్తి, అక్కడ్నుంచి మళ్ళీ ఒకటి. అస్తమయం రోజూ మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడుగునా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. నేను చూసేసరికి నాలుగుంబావు దాటింది, ఆ రోజు పొద్దుగుంకేది ఆరున్నర దాటాక. బంగారు చెయ్యి 22కి కొంచెం ఇవతల ఉంది. అంటే ఇంకా రెండు గంటల పైచిలుకు వెలుగు ఉందని. ఆలోచించండి, వీధి దీపాలు లేని ఊళ్ళో, సంతకి వచ్చి చీకటి పడేలోగా కోట తలుపులు దాటి పోవాల్సిన మనిషికి టైమ్ నాలుగుంబావు అని చెబితే ఏం లాభం? ఎంత వెలుగు మిగిలిందో చెప్పాలి. మన చేతి గడియారం చెప్పని ముక్క అది.

మనవాళ్ళకి రోజు సూర్యోదయంతో మొదలు. ఉదయం నుంచి మళ్ళీ ఉదయానికి 60 ఘడియలు, ఘడియకి 24 నిమిషాలు. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నెని నీళ్ళ మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘడియ. గడియారం అన్న మాటే ఆ గడియలోంచి వచ్చింది. వాళ్ళు పొద్దుగుంకితే లెక్క మొదలెట్టారు, మనం పొద్దుపొడిస్తే. రెండు లెక్కలకీ సూర్యుడే ఆధారం. అర్ధరాత్రి పన్నెండుకి రోజు మారడమే వింత, ఆ క్షణంలో ఆకాశంలో కంటికి కనబడే మార్పేమీ లేదు.

ఇక అమ్మ రాహుకాలం. డయల్ మీద లేత నీలం భాగాన్ని వంపు తిరిగిన బంగారు గీతలు పన్నెండుగా విడదీస్తాయి. ఉదయం నుంచి అస్తమయం దాకా ఎంత పగలుంటే దాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చేది ఒక గంట. అంటే ఈ గంట నిడివి ఎప్పుడూ ఒకటి కాదు. ప్రాగ్‌లో జూన్‌లో పగలు 16 గంటల పైనే, అప్పుడు ఒక్కో గంట 80 నిమిషాలు దాటుతుంది. డిసెంబర్‌లో పగలు 8 గంటలే, గంట 40 నిమిషాలకి కుంచించుకుపోతుంది. రాహుకాలం కట్టేది కూడా ఇలాగే. పగటిని పన్నెండు బదులు ఎనిమిదితో భాగిస్తాం, శనివారం అయితే మూడో భాగం. ఆరింటికి తెల్లవారి ఆరింటికి పొద్దుగుంకితేనే అది తొమ్మిది నుంచి పదిన్నర. ప్రాగ్‌లో ఆ రోజు సూర్యోదయం ఏడు దాటాక. వేళ్ళ మీద లెక్కేసుకుంటే మూడో భాగం సుమారు పది నుంచి పదకొండు ఇరవై దాకా వచ్చింది. అంటే అమ్మ మాట విని మేం సరిగ్గా రాహుకాలం నడుమ బయల్దేరాం. సిద్దిపేట వాడి 100 యూరోలు అందులోనే పోబోయాయి. (ఈ లెక్క అమ్మకి చెప్పలేదు. చెబితే ఇకనుంచి ఫోన్ చేసి మా ఊరి సూర్యోదయం కూడా అడుగుతుంది.)

అక్కడ్నుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. మన దగ్గర ఎనిమిది కావస్తోంది, న్యూస్ చూస్తున్నారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. జాతకాలూ అవీ ఎవరికీ చెప్పరు, కానీ పంచాంగం టీవీ రిమోట్ పక్కనే ఉంటుంది. ఫోన్ గోడ వైపు తిప్పి, "నాన్నా, ఈ రోజు తిథి ఏంటి?" అన్నాను.

"సాయంత్రం దాకా ద్వాదశి, ఇప్పుడు త్రయోదశి వచ్చింది. శని త్రయోదశి. ఎందుకురా?"

చంద్రుణ్ణి చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు. "బాగానే చేశాడే. మరి సూర్యుడు ఎక్కడున్నాడు?"

"తులలో."

"తులలోనా? తప్పు. రవి కన్యలో ఉన్నాడు. ఇప్పుడు హస్త కార్తె కదరా. తులా సంక్రమణానికి ఇంకా రెండు వారాలుంది."

ఒక్క క్షణం నాకేం చెప్పాలో తోచలేదు. 1410 నుంచి తిరుగుతున్న యంత్రం తప్పు చూపిస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు, హస్త కార్తె తప్పు అనడానికీ నోరు రాలేదు. ఆయనే తేల్చారు. "ఆఁ, వాళ్ళది సాయనం అయ్యుంటుంది. మనది నిరయనం."

విషయం అదే. వాళ్ళ రాశిచక్రం వసంత విషువత్తు దగ్గర, అంటే మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు సూర్యుడు ఉండే చోట, మొదలవుతుంది, మనది నక్షత్రాలని పట్టుకుని ఉంటుంది. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి ఈ రెండూ సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున దూరం జరుగుతాయి. ఇప్పటికి తేడా 24 డిగ్రీలు. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకటే. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు లెక్కలు చదివిన నాకు ఈ సంగతి తెలీదు. నాన్నకి మాత్రం టీవీ సౌండ్ తగ్గించేలోపు తట్టింది.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. ఒంగోలు వాడు అంతా విని ఒకటే అన్నాడు: "మీ నాన్నగారి దగ్గర పంచాంగం ఎన్నేళ్ళనుంచి ఉంది? నువ్వు ఒక్కసారన్నా తెరిచి చూశావా? ప్రాగ్ దాకా వచ్చి గోడ మీద చూస్తే గానీ నచ్చలేదా నీకు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వాడు అక్కడితో ఆపలేదు. "నువ్వు లైప్‌జిగ్‌లో ఉంటావు, ఎప్పుడైనా రావచ్చు. నాకు ఇలాంటి ట్రిప్పు ఏడాదికి ఒకటో రెండో. అమ్మకి చూపించడానికి పది ఫోటోలు కావాలి. ఒక్క గోడ ముందు గంటసేపు నిలబడమంటే ఎలా?" అన్నాడు. ఇది కూడా నిజమే. రెండు రోజుల ట్రిప్పులో టిక్కులు పెట్టుకుంటూ పోయేవాణ్ణి చూసి నవ్వడం తేలిక, కానీ ఆ టిక్కుల వెనక సెలవు దొరకని ఏడాది ఉంటుంది. నా గొడవ వాడు చార్లెస్ బ్రిడ్జికి వెళ్ళినందుకు కాదు, గడియారాన్ని 'ఇంతేనా' అన్నందుకు. సినిమా మధ్యలో ఫైటు సీను ఒక్కటే చూసి హాలు బయటికి వచ్చి సినిమా బాలేదంటే ఎలా ఉంటుంది? గంట కొట్టినప్పుడు కాకుండా ఒక పది నిమిషాల తర్వాత రండి, పావుగంట చాలు. టికెట్టు లేదు, క్యూ లేదు. ఎక్సెల్‌లో ఒక వరస కూడా పెరగదు.

మా వాడు తీసిన బ్రిడ్జి ఫోటోలు మాత్రం బాగున్నాయి. ఆ బ్రిడ్జికి నాల్గో చార్లెస్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేశాడు. జూలై 9వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలకి అని చెబుతారు. ఏడాది, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. ఎటునుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తం అట. అది విని సిద్దిపేట వాడు, "అయితే వీళ్ళకి గూడ అయ్యగార్లు ఉన్నరన్నట్టు," అన్నాడు. ఆ రాత్రి అంత ఒప్పుకోలు చాలనుకున్నాను.

ఆదివారం షీట్ ప్రకారమే నడిచాం. ప్రాగ్ కోట ముందు పెద్ద క్యూ, లోపల చర్చిలో రంగు అద్దాలు, మెట్లు, ఇంకా మెట్లు. దిగి యూదుల పేటకి వచ్చేసరికి పాత యూదు టౌన్‌హాల్ మీద ఇంకో గడియారం కనబడింది. హీబ్రూ అక్షరాలే అంకెలు. హీబ్రూ కుడి నుంచి ఎడమకి చదువుతారు కాబట్టి ముళ్ళు కూడా ఎడమవైపు తిరుగుతాయి. ఎక్సెల్ వాడు షీట్ మూసేసి ఆగాడు. రెండు నిమిషాల పాటు ముల్లు నిజంగా వెనక్కి జరుగుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాడు. వాణ్ణి అలా చూడ్డం ఆ ట్రిప్పులో అదే మొదటిసారి. నేనేమీ అనలేదు, అంటే మళ్ళీ షీట్ తెరుస్తాడు.

స్టేషన్‌కి వెళ్ళేముందు చౌకు మీదుగా వచ్చాం. గడియారం మలుపు తిరిగితే నేల మీద తెల్లరాళ్ళతో పొదిగిన 27 శిలువలు ఉన్నాయి. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి మీద తిరగబడ్డ 27 మంది పెద్దల్ని 1621 జూన్ 21న అక్కడ చంపారు. గడియారం గంట కొట్టేవేళకి జనం వాటి మీదే నిలబడతారు. ముందురోజు మేమూ నిలబడే ఉంటాం. చౌకుకి అవతలి వైపు టీన్ చర్చి, రెండు నల్లటి కోసు గోపురాలు. దానిలో టైకో బ్రాహి సమాధి ఉంది. టెలిస్కోప్ లేని రోజుల్లో గ్రహాల స్థానాలు అందరికంటే కచ్చితంగా కొలిచిన మనిషి, 1601లో ప్రాగ్‌లోనే పోయాడు. ఆయన కొలతలు పట్టుకుని ఇదే ఊళ్ళో కూర్చుని కెప్లర్, గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతాయని తేల్చి 1609లో అచ్చువేశాడు. అంటే భూమి మధ్యలో ఉండే లెక్కని పడగొట్టినవాళ్ళలో ఒకడు ఈ చౌకు మీదుగానే నడిచి ఉంటాడు, తలెత్తితే భూమి మధ్యలో ఉన్న ఈ డయల్ కనబడి ఉంటుంది. ఎవరూ దాన్ని దించలేదు. తప్పని తెలిశాక కూడా పొద్దు సరిగ్గానే గుంకుతోంది మరి.

ఒంగోలు వాడు ఇంకో ట్రడెల్నిక్ కొన్నాడు. తింటూ డయల్ వైపు చూసి, "ఆ ఎర్రది సంధ్య అన్నావు కదా, ఎడమదా కుడిదా?" అన్నాడు. రెండూనూ, అన్నాను.

సంక్రాంతి నాడు ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ చేసిన అరిసెల గురించి చెప్పడం అయ్యాక నాన్న అడిగారు:

"మీ ప్రాగ్ గడియారంలో ఇవాళ రవి ఎక్కడున్నాడు?"

"మకరం చివర్లో. ఇంకో వారంలోపే కుంభంలోకి వెళ్ళిపోతాడు."

"అంటే మకరంలోకి ఎప్పుడొచ్చాడు?"

"డిసెంబర్ 21న."

ఆయన కాసేపు లెక్క చూసుకున్నట్టున్నారు. "అయితే వాళ్ళకి పండగ అయిపోయి మూడు వారాలు దాటిందన్నమాట," అన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది, "ఎవరికండీ?" అని.